నంబరు లేని కొసరు

మారిసేలా తండ్రి జాకెట్టు జేబులు రెండూ బయటికి లాగింది. కుడి జేబులో బస్సు తాళాలు, చేతిరుమాలు ఉన్నాయి. ఎడమ జేబులో ఏమీ లేదు. ఏమీ లేకపోవటమే ఆ పిల్లకి ఎక్కువ కోపం తెప్పించినట్టుంది. జేబు గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసింది, పంచదార పలుకేదైనా తగులుతుందేమోనని.

దోన్ కూకో వంటింటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతులు భుజాల ఎత్తుకి లేపి ఉంచాడు. లేపమని ఎవరూ అనలేదు. ఎప్పుడో సరిహద్దు దగ్గర అలవాటైన చేతులవి. వెతికే మనిషిని చూస్తే వాటంతటవే లేస్తాయి.

“బూట్లు కూడా విప్పమంటావా, మిహా?” అన్నాడు కూతురితో.

“దించండి ఆ చేతులు. నేనేమన్నా పోలీసునా?”

“పోలీసులైతే చూసినాక జేబు మళ్లీ లోపలికి తోస్తారు.”

కూతురు నవ్వలేదు. బల్ల మీద షుగరు చూసే మీటరు ఉంది. దాని పక్కన రక్తపు చుక్క అంటిన దూది. మీటరు మీద అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. రెండొందల అరవై. నిన్న కూడా ఇంచుమించు అంతే.

“పొద్దున నేనే పెట్టాను,” అంది మారిసేలా. “నాగజెముడు ముక్కలు, గుడ్డు. రాత్రికి నేనే పెడతాను. మధ్యాహ్నం ఒక్కటే నా చేతిలో లేదు. ఏం తింటున్నారో చెప్పండి అపా.”

“చెప్పాను కదా. హోటల్లో క్యాలరీల బోర్డు చూసే తింటున్నాను. అన్నిటికన్నా చిన్న నంబరు.”

“చిన్న నంబరు తిన్నవాడికి ఇంత వస్తుందా?”

ఆ మాటే దోన్ కూకో తనని తాను అడుగుతున్నాడు, బస్సు నడుపుతూ, మంచం మీద దొర్లుతూ. బదులు దొరకలేదు.

మూడు నెలల క్రితం డాక్టరమ్మ చెప్పింది. షుగర్ దిగితే డ్రైవరు కార్డు మీద సంతకం పెడతాను, దిగకపోతే పెట్టను, బడిపిల్లల్ని తీసుకెళ్లే బస్సు కదా అంది. ఆ గడువు ఈ శుక్రవారంతో తీరిపోతుంది. ఇవాళ మంగళవారం.

మారిసేలా షెడ్డులో కమలాపండ్లు ఏరే పని చేస్తుంది. వేళ్లకి ఎప్పుడూ ఆ తొక్క వాసన. ఆ వేళ్లతోనే మీటరు తీసి సంచిలో పెట్టింది.

“ఆ హోటలు వాళ్ల బోర్డు అబద్ధమైనా కావాలి, మీరైనా కావాలి. బోర్డు అబద్ధమైతే నేను ఊరుకోను. చట్టం ప్రకారం రాసిన నంబర్లవి. ఆ మేనేజర్ని అందరి ముందూ నిలబెట్టి అడుగుతాను.”

“వద్దులే.”

“ఎందుకు వద్దు? అంటే మీరేనన్నమాట.”

అతను తాళాలు కుడి జేబులో వేసుకున్నాడు. ఎడమ జేబు గుడ్డ బయటికి వేలాడుతూనే ఉంది. దాన్ని సర్దలేదు. జాకెట్టు అలాగే మేకుకి తగిలించాడు.

మర్నాడు పొద్దున మంచు నేలదాకా దిగింది. జనవరిలో ఈ లోయలో అంతే. తోటలు, కాలవలు, రోడ్డు, అన్నీ పాల కింద మునిగినట్టుంటాయి. బస్సులు ఆలస్యంగా తీయమని యార్డు నుంచి కబురు వచ్చింది. దోన్ కూకో అద్దం తుడిచాడు. మళ్లీ తుడిచాడు. అప్పుడు కళ్లు తుడుచుకున్నాడు. మసక మంచుదో కంటిదో తెలియలేదు. కిందటి ఏడాది ఈ సందేహం లేదు. మంచంటే మంచే.

రైలు పట్టాల దగ్గర బస్సు ఆపాడు. ఇంజను మెల్లగా చేసి, తలుపు తెరిచి, వెనక్కి తిరిగి వేలు పెదవుల మీద పెట్టాడు. పిల్లలు మాట ఆపారు. రోజూ ఆపుతారు. ఈ ఒక్కచోట మాత్రం అల్లరి చెయ్యరు. అతను తల బయటికి పెట్టి విన్నాడు. మంచులో కళ్లకన్నా చెవులు నయం. రైలు లేదు. తలుపు మూసి పట్టాలు దాటించాడు. బడి దగ్గర ఆఖరి పిల్ల దిగేదాకా అతని చొక్కా వీపుకి అంటుకునే ఉంది, అంత చలిలో.

మధ్యాహ్నం కొమాల్ దె ఓరో హోటలుకి వెళ్లాడు. యార్డుకి ఎదురుగా ఉంటుంది. ఒకప్పుడు ఒక కుటుంబం నడిపేది. ఇప్పుడు ఊరూరా కొట్లున్న కంపెనీ కొనుక్కుంది. గోడకి తెల్ల బోర్డు వచ్చింది. ప్రతి వంటకం పక్కన ధర, ధర పక్కన ఇన్ని క్యాలరీలు అని నంబరు. వంటమనిషి మాత్రం పాత మనిషే, దోన్యా లాలా.

గల్లా దగ్గర మేనేజరు ఇవాన్ నిలబడ్డాడు. వరసలో చెమా ముందున్నాడు. ఇళ్ల కప్పులు వేసే పని అతనిది. మారిసేలా జ్ఞానస్నానం నాడు పిల్లని ఎత్తుకుని నిలబడింది అతనే. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రె అనుకుంటారు.

“అన్నిటికన్నా పెద్ద నంబరేది, ఇవాన్?” అన్నాడు చెమా.

“కార్నిటాస్, పంది మాంసం పళ్లెం. వెయ్యి నాలుగొందల ఎనభై.”

“అదే పెట్టు. డబ్బులు చూస్తే పెద్ద తేడా లేదు, నంబరేమో నాలుగింతలు. చిన్నది కొనటానికి నాకేం పిచ్చా?” వెనక్కి తిరిగాడు. “మా కొంపాద్రెకి ఎప్పటిలాగే బాలింత గిన్నె.”

“కోడి చారు,” అన్నాడు దోన్ కూకో. “చిన్నది.”

“మూడొందల నలభై,” అని ఇవాన్ వంటింటి కిటికీలోకి కేక వేశాడు.

“నీకేమొచ్చింది కొంపాద్రె? సన్యాసుల్లో కలిశావా?”

“కడుపులో మంట.”

మూడు నెలలుగా చెబుతున్న అబద్ధమే. నిజం ఎవరికీ చెప్పలేదు. చెమాకి చెబితే చెమా కప్పు మీద నుంచి ఊరంతటికీ చెబుతాడు. యార్డుకి తెలుస్తుంది, తల్లులకి తెలుస్తుంది. షుగరున్న ముసలాడి చేతికి మంచులో పిల్లల్ని ఎవరిస్తారు?

“నీ జేబు చూడు, నాలుక బయటపెట్టింది,” అన్నాడు చెమా.

“ఉండనీ.”

వాళ్లు రోజూ కూర్చునే చోటు ఖాళీగా లేదు. తడి కప్పు మీద పని సాగదు కాబట్టి కప్పుల పనివాళ్లంతా తొందరగా వచ్చి కూర్చున్నారు. వంటింటి కిటికీ పక్కన చిన్న బల్ల ఒకటి మిగిలింది. అక్కడెవరూ కూర్చోరు. ఆవిరి, నూనె మొహాన కొడతాయి. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

అక్కణ్నుంచి లోపలంతా కనిపిస్తుంది. లాలా పొట్టి మనిషి. పొయ్యి ముందు చెక్కపీట వేసుకుని దాని మీద నిలబడుతుంది. కంపెనీ ఇచ్చిన బూడిదరంగు పిడి గరిటె పట్టుకుంది. దానికి లోపల గీత ఉంది. చారు గీత దాకా నింపి, పొంగిన చుక్కలు కుండ అంచుకి తుడిచి, గిన్నెలో పోసింది. ఇవాన్ కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ గిన్నె ఎవరో పిల్లదానికి వెళ్లింది.

ఇంతలో వెనక తలుపు దగ్గర లారీ హారను మోగింది. ఇవాన్ కాగితాలు పట్టుకుని వెళ్లాడు.

లాలా బూడిదరంగు గరిటె మేకుకి తగిలించింది. పొయ్యి వెనక నుంచి తన సత్తు గ్లాసు తీసింది. దాని అంచు నల్లబడి ఉంది. ఖాళీ గిన్నెలో ముందు అన్నం వేసింది. చెంచా వీపుతో అదిమింది. ఇంకొంచెం వేసి మళ్లీ అదిమింది. కుండలో వెతికి తోలుతో ఉన్న తొడముక్క తీసి దాని మీద పెట్టింది. గ్లాసుతో చారు పోసింది. కుండ పైన పచ్చగా తేలే కొవ్వుని పక్క నుంచి లాగి గ్లాసులోకి పట్టి, ఆఖరున అదీ పోసింది. కొత్తిమీర చల్లింది. పై నుంచి చూస్తే అది చారే. అన్నం కనపడదు.

తరవాత టోర్టియా రొట్టెలు కాల్చింది. ఒక్కోదానికి పంది కొవ్వు రెండు పక్కలా పూసి, గుడ్డలో మడిచింది.

గిన్నె కిటికీ గట్టు మీద పెడుతూ తలెత్తింది. దోన్ కూకో చూస్తూ ఉన్నాడు. ఆవిడ సిగ్గుపడలేదు. గడ్డంతో గిన్నె వైపు చూపించింది. తినమని.

అతని చెవుల్లో పట్టాల దగ్గర ఉండేటంత నిశ్శబ్దం నిండింది. మూడు నెలలు. ఈ గిన్నె తిన్నాక రోజూ కడుపు నిండేది. ఆ నంబరుకి ఇంత వస్తుంది కాబోలు అనుకున్నాడు. డాక్టరు తిండి ఇంత రుచిగా ఉంటుందని తెలియక అనవసరంగా భయపడ్డానని కూడా అనుకున్నాడు. కడుపు వేరే చెప్పింది. అచ్చువేసిన బోర్డు కదా, కడుపుకేం తెలుసు అని దాని నోరు నొక్కాడు.

“తినవేం?” అన్నాడు చెమా.

చెంచా ముంచాడు. అడుగున అన్నం మెత్తగా తగిలింది. ఒక పక్కకి తోసి, పై చారు మాత్రం తాగుదామనుకున్నాడు. కిటికీలోంచి లాలా చూస్తోంది. చేత్తో పెట్టిన మనిషి చూస్తుండగా గిన్నెలో వదలటం అతనికి చిన్నప్పటినుంచీ చేతకాదు. తిన్నాడు. అన్నం తిన్నాడు, తోలు తిన్నాడు, గుడ్డలో ఉన్న టోర్టియాలతో గిన్నె తుడిచాడు. ఒక్కో ముద్దా శుక్రవారం వైపు నడిచినట్టుంది.

“అదృష్టవంతుడివి,” అన్నాడు చెమా గొంతు తగ్గించి. “నేనూ చూశాలే. ఇవాన్ కంట పడకూడదు సుమా. కింగ్స్‌బర్గ్ ఊళ్లో వీళ్ల కొట్లోనే ఒకావిడ ఇలా కొసరు వేస్తే సాయంత్రానికి పనిలోంచి తీసి ఇంటికి పంపేశారు. బోర్డు ఒకటి, పళ్లెం ఒకటి అయితే కంపెనీకి జరిమానాట.”

ఆ రాత్రి మీటరు మళ్లీ ఎక్కువే చూపించింది. మారిసేలా కోటు వేసుకుని బయటికి వెళ్లింది. దోన్ కూకో తెర తొలగించి చూశాడు. మంచులో అతని పికప్పు ట్రక్కు తలుపు తెరిచి ఉంది. కూతురు ఫోను వెలుతురులో వంగి, కాళ్ల కింద రబ్బరు చాపలు ఎత్తి చూస్తోంది. సీటు కింద చెయ్యి పెట్టి తడుముతోంది. వాళ్లమ్మ పోయిన రోజున కూడా ఆ పిల్ల అలాగే వంగి ఇల్లంతా తుడిచింది, ఎవరూ అడగకపోయినా.

బదులు ఇప్పుడు అతని నాలుక చివరే ఉంది. నేను దొంగతిండి తినలేదు మిహా, నాకు పెట్టారు. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే రేపు ఈ పిల్ల షెడ్డు మానుకుని కొమాల్‌కి వెళ్లి నిలబడుతుంది. తెర వదిలేశాడు.

గురువారం జనం తినేసి వెళ్లాక వెనక దారిన వెళ్లాడు. లాలా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఎండు మిరపకాయలు ఒలుస్తోంది. తొడిమ విరిచి, కాయ చీల్చి, గింజలు ఒళ్లోని గుడ్డలోకి దులుపుతోంది. ఇవాన్ ముందుగదిలో ఫోనులో మాట్లాడుతున్నాడు.

“ఇవాళ తినటానికి రాలేదేం దోన్ కూకో? మీ గిన్నె ఎదురుచూసింది.”

“దోన్యా లాలా, నాకు షుగరుంది.”

చెప్పేశాక అది చాలా చిన్న మాట అనిపించింది.

“ఎవరికి లేదు?” అంది ఆవిడ కాయ చీలుస్తూ. “మా అక్కకుంది. మా ఆయనకుండేది, కాలు తీసేదాకా ఒప్పుకోలేదు. ఎప్పటినుంచి?”

“అక్టోబరు నుంచి.”

“మీరు చిన్న గిన్నె అడగటం మొదలెట్టింది కూడా...” ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“అప్పుడే.”

ముందుగదిలో ఇవాన్ నవ్వు వినిపించింది. ఇద్దరూ అటు చూసి మళ్లీ ఒకరినొకరు చూసుకున్నారు.

“నేనేమనుకున్నానో తెలుసా?” అంది లాలా. “కూతురు జీతమంతా లాక్కుంటోందనుకున్నాను. చెమా పక్కన కొండంత పళ్లెం పెట్టుకుంటే మీరు ఆ నీళ్లు పెట్టుకుని కూర్చుంటారు. చిన్న నంబరు అడిగేవాడు అడగలేక అడుగుతున్నాడనుకున్నాను. ఆకలిని కడుపులో మంట అని చెప్పుకునే మగవాళ్లని ఎంతమందిని చూళ్లేదు? మా ఊళ్లో పలచటి గిన్నె పెట్టి మనిషిని పంపిస్తే ఆ ఇంటి పేరు పోతుంది.”

“మా ఊళ్లో పెట్టింది వదిలేస్తే పోతుంది.”

“ఇంకేం. బాగా కలిశాం ఇద్దరం.” ఆవిడ నవ్వబోయి ఆగింది. “చెప్పొచ్చుగా? నోరు లేదా మీకు? నా చేత్తో ఇన్నాళ్లు పెట్టించుకుని, రోజూ దేవుడు మేలు చేస్తాడు దోన్యా లాలా అని దీవించి వెళ్లారు.”

“బస్సు పోతుందని.”

“నేనెవరికి చెబుతాను? ఈ మిరపకాయలకా?”

అతను జాకెట్టు అంచు పట్టుకుని నిలబడ్డాడు. జేబు గుడ్డ వేలాడుతోంది. ఆవిడ దాన్నే చూస్తోందని గ్రహించాడు.

“మా అమ్మాయి వెతికింది,” అన్నాడు. “దొంగతిండి తింటున్నానని దాని అనుమానం. రేపు పరీక్ష.”

లాలా మొహంలో రంగు మారింది. “ఆ పిల్లకి చెప్పారా?”

“లేదు.”

“చెబుతారా?”

ఆవిడ ఒళ్లోని గింజలు దులుపుకుంది. “ఈ దేశంలో నా కాగితాల సంగతి మీకు తెలుసు. పాత యజమానులు అడగలేదు, వీళ్లూ ఇంతవరకూ అడగలేదు. ఇక్కణ్నుంచి వెళితే ఇంకోచోట అడుగుతారు.” మరో కాయ తీసుకుంది. “చెప్పొద్దని నేను అనను. కూతురు మీది.”

శుక్రవారం మారిసేలా షెడ్డుకి సెలవు పెట్టి తనే బండి నడిపింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బడిలో నేర్చుకున్న స్పానిష్‌లో ఒక్కో మాటా కడిగి పెట్టినట్టు మాట్లాడుతుంది. కాగితం చూసి కళ్లజోడు పైకి తోసుకుని, దాని మీదున్న అసలు పేరుతో పిలిచింది.

“దిగలేదు, దోన్ రెఫూహియో. కొంచెం ఎక్కింది.”

“నేను చెప్పేది ఈయన వినరు,” అంది మారిసేలా. “ఇంట్లో నేను తూచి పెడుతున్నాను. బయట ఏదో తింటున్నారు. మీరే అడగండి.”

“తింటున్నారా?”

జాకెట్టు కుర్చీ వీపుకి వేలాడుతోంది. దోన్ కూకో దాన్ని చూశాడు. గదిలో గోడ మీద పళ్లెం బొమ్మ ఉంది, సగం ఆకుకూరలు. ఆ పళ్లెం ఎవరూ చేత్తో పెట్టినట్టు లేదు.

“తింటున్నాను,” అన్నాడు.

“ఏమిటి?”

అబద్ధానికి ముందే సిద్ధపడాల్సింది. పడలేదు. “తీపి రొట్టె. టైర్ల కొట్టు పక్క బేకరీలో.”

“రోజూనా?”

“రోజూ. ఒక్కోసారి రెండు.”

మారిసేలా గెలిచినట్టు చూస్తుందనుకున్నాడు. ఆ పిల్ల తల దించుకుంది. కాదని అంటాడని ఎదురుచూసిన మనిషిలా ఉంది.

డాక్టరమ్మ సంతకం పెట్టలేదు. ఆరువారాలు చూద్దాం, ఈసారి నిజంగా అంది. అంతవరకూ బస్సు వద్దంది. దారిలో యార్డు దగ్గర ఆగి దోన్ కూకో తాళాలు ఇచ్చేశాడు. బస్సులు కడగటానికి రమ్మన్నారు. సరే అన్నాడు. కుడి జేబు కూడా తేలికైపోయింది.

ఇంటి ముందు మారిసేలా బండి ఆపింది కాని దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

“అపా. టైర్ల కొట్టు పక్క బేకరీ క్రిస్మస్‌కి ముందే మూతపడింది.”

దోన్ కూకో ఎదుటి మంచు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“తలుపుకి చెక్కలు కొట్టారు. నేను రోజూ ఆ దారినే వెళతాను.” స్టీరింగు మీంచి చేతులు తీసింది. “రేపు నాకు సెలవు. మధ్యాహ్నం మీతో నేనూ తింటాను.”

రాత్రంతా అతనికి నిద్ర లేదు. లాలాకి కబురు ఎలా పంపాలి? పంపి ఏమనాలి? రెండు గిన్నెలూ గీత దాకా పొయ్యమంటే ఆవిడ బతికిపోతుంది. కూతురి దృష్టిలో మాత్రం తాను దొంగగానే ఉండిపోతాడు, ఎక్కడ దొంగిలించాడో చెప్పలేని దొంగ. ఉండిపోతే ఏం, అనుకున్నాడు. అనుకోవటం తేలికే.

శనివారం కొమాల్‌లో సందడి తక్కువ. మారిసేలా బోర్డు ముందు నిలబడి పై నుంచి కిందికి చదివింది. చదివినంతసేపూ ఇవాన్ చేతిలో కలం తిప్పుతూ ఉన్నాడు.

“ఈయన రోజూ ఏం తింటారు?”

“కోడి చారు, చిన్నది. మూడొందల నలభై. చాలా మంచి ఎంపిక, సెన్యోరా.”

“రోజూ అదేనా?”

“మూడు నెలలుగా అదే. చెమా ఎగతాళి చేస్తుంటాడు కూడా.”

మారిసేలా తండ్రి వైపు తిరిగి చూసింది. “నాకూ అదే ఇవ్వండి,” అంది. “తేడా ఏమీ ఉండకూడదు.”

ఇవాన్ కిటికీలోకి కేక వేశాడు. లాలా మొహం కిటికీలో కనిపించింది. దోన్ కూకో పక్కన నిలబడ్డ సన్నటి పిల్లని, తొక్క మరకలున్న వేళ్లని చూసింది. మొహం లోపలికి వెళ్లిపోయింది.

కూర్చున్నారు. దోన్ కూకో కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. చూడలేక. వెనక గరిటె కుండకి తగిలిన చప్పుడు వినిపించింది. కొంచెం ఆగి ఇంకో చప్పుడు, సత్తు చప్పుడు. ఆ రెంటికీ తేడా అతనికి తెలుసు. అలవాటుగా చేస్తోందా? మరిచిపోయిందా? లేచి వెళ్దామని బల్ల అంచు పట్టుకున్నాడు.

“ఎక్కడికి?” అంది మారిసేలా.

“ఎక్కడికీ లేదు.”

వంటింటి తలుపు తెరుచుకుంది. లాలా వంటింట్లోంచి హాల్లోకి రావటం ఎవరూ చూసి ఉండరు. రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకుని వచ్చింది. ఒకటి దోన్ కూకో ముందు పెట్టింది. ఒకటి మారిసేలా ముందు పెట్టింది. గుడ్డలో చుట్టిన టోర్టియాలు మారిసేలా చేతి పక్కన పెట్టింది. దోన్ కూకో పక్కన ఏమీ పెట్టలేదు. ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది.

“మీ నాన్నగారి గిన్నె ఇది, కూతురా,” అంది లాలా, మారిసేలా ముందున్నది చూపిస్తూ. “ఇన్నాళ్లూ. ఇవాళ్టినుంచి ఆయనది అది.”

దోన్ కూకో గిన్నెలో చారు తేటగా ఉంది. అడుగు కనిపిస్తోంది. అడుగున గిన్నె మీది నీలం పువ్వు కూడా కనిపిస్తోంది. మూడు నెలల్లో ఆ పువ్వుని అతను తినకముందు ఎన్నడూ చూడలేదు.

మారిసేలా చెంచా ముంచింది. చెంచా సగంలోనే ఆగింది. తిప్పింది. అన్నం లేచి పైకి వచ్చింది, దానితో తొడముక్క. చెంచా అలాగే ఉంచి తండ్రి గిన్నెలోకి చూసింది. మళ్లీ తన గిన్నెలోకి చూసింది. బోర్డు వైపు ఒకసారి చూసింది. చివరికి లాలా చేతుల వైపు చూసింది. ఆవిడ తుడుచుకోవటం ఆపలేదు. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

గల్లా దగ్గర నుంచి ఇవాన్ వచ్చాడు. వంటమనిషి బయట నిలబడటం చూసి వచ్చినట్టుంది.

“ఏమైంది? అంతా బాగుందా, సెన్యోరా?”

దోన్ కూకో చేతులు బల్ల మీద నుంచి కొంచెం లేచాయి. దించుకున్నాడు. కూతురి మొహం అతనికి పక్క నుంచి కనిపిస్తోంది. దవడ బిగిసింది. వాళ్లమ్మకి మాట నోటిదాకా వచ్చినప్పుడు అలాగే బిగిసేది. వచ్చిన మాట ఆవిడ ఎప్పుడూ మింగలేదు.

మారిసేలా చెంచాతో అన్నాన్ని మెల్లగా అదిమింది. అది చారు కిందికి వెళ్లిపోయింది.

“ఉప్పు తగ్గింది,” అంది. “అది చెబుదామనే ఈవిణ్ని నేనే పిలిచాను.”

“రెంటిలోనూనా?”

“నా దాంట్లో. ఆయనది సరిగ్గానే ఉంది.”

ఇవాన్ పక్క బల్ల మీది ఉప్పుబుడ్డి తెచ్చి పెట్టి, లాలా వైపు ఒక చూపు చూసి గల్లాకి వెళ్లాడు. లాలా బల్ల మీద లేని మరకని ఏప్రను కొంగుతో తుడిచి, వంటింట్లోకి వెళ్లింది.

ఇద్దరూ తిన్నారు. దోన్ కూకో గిన్నె తొందరగా అయిపోయింది. ఇంకా ఆకలిగానే ఉంది. ఆ ఆకలి ఎలా ఉంటుందో మరిచిపోయాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూతురు తినటం చూశాడు. మారిసేలా ఉప్పు వేసుకోలేదు. మధ్యలో ఒకసారి చెంచా పక్కన పెట్టి ఊపిరి తీసుకుంది. కిటికీ వైపు చూసింది. మళ్లీ చెంచా తీసుకుంది. అన్నమంతా తింది, తోలు తింది, టోర్టియా తుంచి గిన్నె చుట్టూ తిప్పి తుడిచింది. నీలం పువ్వు బయటపడేదాకా వదల్లేదు.

“రోజూ ఇదంతా తినేవారా?” అంది.

“పెడుతుంటే ఏం చెయ్యను?”

“బేకరీ పేరైనా చక్కగా చెప్పాల్సింది అపా. ఉన్న బేకరీ.”

“తొందరలో తోచలేదు.”

మారిసేలా లేచింది. కుర్చీ వీపు మీది జాకెట్టు తీసి పట్టుకుంది. దోన్ కూకో ఒక చెయ్యి దూర్చాడు, రెండో చెయ్యి దూర్చాడు. తలుపు వైపు కదలబోతే ఆ పిల్ల ఆగమంది. ఎడమ జేబు గుడ్డ మంగళవారం నుంచీ బయటికి వేలాడుతూనే ఉంది. వేళ్లతో దాన్ని లోపలికి తోసింది. మూలల దాకా తోసి, పైన చేత్తో అదిమింది.